మూఢంలో చదివింపులు

జూన్ ఇరవై తొమ్మిది, ఆదివారం. ఆ మధ్యాహ్నం మొదటి బంతిలో నా ఆకులో వడ్డించినవి ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. గోంగూర పప్పు, గుత్తి వంకాయ, దొండకాయ వేపుడు, పులిహోర, బూరె, మజ్జిగచారు. బూరెకు మధ్యలో వేలితో గుంట చేసి నెయ్యి పోయించుకోవడం నా భార్య సుభద్ర నాకు చేసిన అలవాటు. ఆ రోజు కూడా గుంట చేశాను. నెయ్యి పోయించుకున్నాను. తినలేకపోయాను. నా చూపంతా పందిరి గుంజ దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకు దండాలు పెడుతున్న యల్లమంద పెదాల మీద ఉంది. వాటి రంగు మారుతోందా లేదా అని చూస్తూ ఆకు మడిచేశాను.

నరసరావుపేట మల్లమ్మ సెంటర్ దగ్గర నాది పందిరి సామాన్ల షాపు. కుర్చీలు, బల్లలు, వంట గిన్నెలు, షామియానాలు అద్దెకిస్తాను. బీకాం చదివినవాణ్నని, చేతిరాత బాగుంటుందని ఊళ్ళో చాలామంది తమ ఇళ్ళలో ఫంక్షన్లకు చదివింపులు రాసే పని కూడా నాకే ఒప్పజెబుతారు. యల్లమంద నా దగ్గర పందిళ్ళు వేసే మనిషి. ఇరవై ఏళ్ళుగా ఉన్నాడు. అతను ముడేస్తే గాలివాన వచ్చినా తాడు జారేది కాదు.

ఆ వేసవిలో ఒక పెళ్ళికి స్టేజీ బల్లలు మోస్తూ మెట్ల మీదే కూలబడిపోయాడు. ఎండదెబ్బ అనుకున్నాం. ఆ తర్వాత కుర్చీల దొంతర ఎత్తినా ఆయాసమే. గుంటూరు తీసుకెళితే గుండెలో వాల్వు ఒకటి ముడుచుకుపోయిందని, మార్చక తప్పదని డాక్టరు చెప్పాడు. "బరువులెత్తొద్దు. ఎక్కువసేపు నిలబడొద్దు. చెప్పి వచ్చే జబ్బు కాదిది, ఉన్నట్టుండి పడేస్తుంది" అన్నాడు. జూన్ ముప్పై సోమవారం పొద్దున్నే చేరితే ఆ వారంలోనే ఆపరేషన్ చేస్తానన్నాడు. చేరేరోజు సగం డబ్బు కట్టాలి.

కార్డు ఉంటే ఆ మాటే వచ్చేది కాదు. యల్లమందకూ అతని అన్నకూ ఒకే రేషన్ కార్డు. అన్న కొడుకు శ్రీహర్షకు సర్కారు కొలువు వచ్చింది. ఇల్లంతా స్వీట్లు పంచారు. ఆ కొలువుతో కార్డు పోయింది, కార్డుతో ఉచిత వైద్యం పోయింది. కాపురాలు వేరని, కార్డు విడదీయమని యల్లమంద అర్జీ పెట్టుకున్నాడు. అది నడుస్తోంది. కార్డు లేకున్నా ఉచితంగా చేసేచోటు ఉంది కానీ అక్కడ వరుస పొడుగు, అతని వంతు వచ్చేసరికి దసరా దాటుతుందన్నారు. డాక్టరేమో దసరా దాకా ఆగే గుండె కాదన్నాడు.

తిరుపతమ్మ, అంటే యల్లమంద భార్య, మెడలో తాడు కుదువ పెట్టింది. పసుపు కొమ్ము కట్టుకుని తిరుగుతోంది. నేను ఇవ్వగలిగింది నేనిచ్చాను. కట్టాల్సిన దానికి అది చాలలేదు.

ఒక సాయంత్రం ఆమె షాపుకు వచ్చి కుర్చీల దొంతర పక్కన నిలబడింది.

"శెట్టిగారూ, పిల్లకి ఫంక్షన్ చేద్దామనుకుంటన్నా."

"ఏ ఫంక్షనమ్మా?"

"ఓణీల ఫంక్షన్. సాహితికి."

నాకు అర్థం కాలేదు. సాహితి పెద్దమనిషై రెండేళ్ళవుతోంది. అప్పుడు చేతిలో పైసా లేక చేయలేదు. ఇప్పుడేమో ఆషాఢం, దానికి తోడు మూఢం. ఊళ్ళో బాజా మోగడం లేదు. నా షాపులో సామాన్లన్నీ బయటికి పోకుండా దుమ్ముపట్టి ఉన్నాయి.

"ఈ మూఢంలోనా?"

"ముహూర్తం దొరికేదాకా ఆయన ఉండొద్దా?" అంది. గొంతు పెంచలేదు. "ఇరవై ఏళ్ళుగా మా ఆయన పందిరేసిన ప్రతి ఇంట్లో చదివించాడు. కూలికి పోయినచోట కూడా, పని ముగించుకొని, స్నానం చేసి, చొక్కా మార్చుకొని వచ్చి చదివించాడు. మీరే గదా రాసింది. మా ఇంట్లో ఒక్క ఫంక్షనూ జరగలా. అదంతా ఊళ్ళోనే ఉంది శెట్టిగారూ."

నిజమే. పందిరి కట్టినవాడే ఇస్త్రీ చొక్కాతో తిరిగొచ్చి నా బల్ల ముందు నిలబడటం నేను ఎన్నోసార్లు చూశాను.

"ఉన్న సంగతి చెప్పి అడుగుదాం. ఆపరేషన్ అంటే ఎవరు కాదంటారు?" అన్నాను.

తిరుపతమ్మ నన్ను జాలిగా చూసింది. "చదివింపులు అడిగేయి కాదు గదా. పిలవాలంతే. పిలిస్తే తెచ్చిస్తారు. అడిగితే అప్పడిగినట్టు. అదిగాక, మనిషి మంచాన పడ్డాడని తెలిస్తే కవరు పల్చబడుద్ది. రేపు వాళ్ళింట్లో తిరిగి చదివించేవాడు ఉంటాడో ఉండడో అనుకుంటారు. వాళ్ళని అనే పనిలేదు. మనమైనా అట్టనే అనుకుంటాం."

గల్లాపెట్టె పక్కన సుభద్ర ఫోటో వైపు చూశాను. ఆమె ఉంటే ఈ లెక్క నాకంటే ముందే పట్టుకునేది.

"మూఢంలో సామాన్లన్నీ ఊరికే పడున్నాయి. ఎన్ని కావాలంటే అన్ని తీసుకుపోండి" అన్నాను చివరికి.

సాహితి ఒప్పుకోదనుకున్నాం. తొమ్మిది చదివే పిల్ల. "ఇప్పుడు నన్ను కూర్చోబెడితే మా క్లాసులో నవ్వుతారు" అందట. కాసేపాగి ఆ పిల్లే, "నాన్న కోసమా?" అని అడిగిందట. ఆ తర్వాత లేచి వెళ్ళి పక్కింటి పిల్ల సైమాతో గాజులకు బజారుకెళ్ళిందట.

అలా ఆ ఆదివారం రైలు గేటు అవతల వాళ్ళ ఇంటి పక్క ఖాళీ జాగాలో పందిరి లేచింది. యల్లమందను తాడు ముట్టుకోనివ్వలేదు. మాచర్ల నుంచి ఇద్దరు కూలీలను పిలిపించి వేయించాను. అతను గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తూ, "ఆ పడమటి గుంజ కాడ మేకు వాలిచ్చి కొట్టలా శెట్టిగారూ, నిలువునా కొట్టారు" అన్నాడు. నేను వెళ్ళి ఊపి చూశాను. గట్టిగానే ఉన్నట్టనిపించింది. అయినా మధ్యాహ్నందాకా అతని కళ్ళు ఆ మేకు వైపే పోతూ వచ్చాయి.

పిలిచినవాళ్ళు వచ్చారు. మూఢమని ముక్కు విరుస్తూనే వచ్చారు. మా ముందున్న పనల్లా ఒక్కటే. భోజనాలూ చదివింపులూ అయ్యేదాకా యల్లమంద ఆరోగ్యంగా ఉన్న మనిషిలా కనబడాలి.

ఇంటాయన కూర్చోకూడదు. గుమ్మంలో ఎదురేగాలి, బంతుల మధ్య తిరిగి మొహమాటపడొద్దని చెప్పాలి, పోయేవాళ్ళను సాగనంపాలి. నా బల్ల పక్కన ఒక కుర్చీ వేయించి, అతని ఊపిరి బరువెక్కినట్టు కనబడ్డప్పుడల్లా మైకులో పిలిచాను. "యల్లమందా, ఒకసారి ఇటురా, ఈ ఇంటిపేరేందో చెప్పు." అతను వచ్చి కూర్చునేవాడు. నాకు తెలిసిన ఇంటిపేర్లే మెల్లగా చెప్పేవాడు. నేను మెల్లగా రాసేవాణ్ని. సుభద్ర వాడిన స్టీలు ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్ళు తెచ్చిపెట్టాను. రెండు గుక్కలు తాగి లేచేవాడు.

మైక్ సెట్ నూర్ మొహమ్మద్‌ది. అతనికి కూడా మేం ఏమీ చెప్పలేదు. కానీ యల్లమందకు దగ్గు తెర వచ్చినప్పుడల్లా సన్నాయి పాట సౌండు పెరగడం గమనించాను. దగ్గు ఆగగానే తగ్గేది. నేను అతని వైపు చూస్తే అతను వైర్లు సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాడు.

రెండో బంతి కూర్చుంటుండగా మాచవరం నుంచి నాగేంద్రమ్మ దిగింది. యల్లమందకు మేనత్త. డెబ్బై దాటినా కర్ర పట్టని మనిషి. వెనకాల మనవడు యోగేశ్ సంచి మోసుకొస్తున్నాడు. ఆమె ఇంట్లో జరిగిన ప్రతి శుభకార్యానికీ యల్లమంద తన తాహతుకు మించి చదివించాడు. ఆ రోజు అందరికంటే బరువైన కవరు రావలసింది ఆమె దగ్గర్నుంచే. తిరుపతమ్మ ఆ సంగతి నాకు ముందే చెప్పింది.

"ఒరేయ్ యల్లమందా, ఏందిరా ఇది?" గుమ్మంలోనే మొదలుపెట్టింది. "పిల్ల పెద్దదై రెండేళ్ళాయె. ఇప్పుడు గుర్తొచ్చిందా? అదీ మూఢంలో! పంతులెవడ్రా పెట్టింది ఈ ముహూర్తం?"

"పంతులేం లేడత్తా, మేమే పెట్టుకున్నాం." యల్లమంద నవ్వాడు.

"అట్టనా. చిక్కిపోయావేందిరా? పెళ్ళాం కూడెయ్యట్లేదా?"

"పందిళ్ళ పనత్తా. ఎండలు చానా ఉండె."

"మూఢంలో పందిళ్ళేందిరా?"

తిరుపతమ్మ పరుగున వచ్చి, "రా పెద్దమ్మా, ముందు బంతిలో కూర్చో, బూరెలు వేడిగా ఉండాయి" అంటూ చెయ్యి పట్టుకుంది. ఆమె మెడలో పసుపు కొమ్మును నాగేంద్రమ్మ ఒక్క క్షణం చూసింది. పైట సర్దుకునేలోపే చూసింది.

"తాడేదే?"

"మెరుగు పెట్టించటానికి ఇచ్చా."

"ఫంక్షన్ నాడా?" అంది. బంతిలోకి వెళ్ళింది కానీ యల్లమంద కనిపించే వైపే కూర్చుంది.

సాహితి స్టేజీ మీద అలంకరించిన కుర్చీలో కూర్చుని ఉంది. తలనిండా పూలు. అక్షింతలు పడుతున్నాయి, ఫోటోలు తీస్తున్నారు. ఫోటో తీసేవాడు "ఇటు చూడమ్మా" అన్నప్పుడల్లా చూసి, మరుక్షణం జనంలో వాళ్ళ నాన్నను వెతుక్కునేది. ఇద్దరి చూపులూ కలిస్తే యల్లమంద చెయ్యెత్తి, నాకేం కాలేదన్నట్టు ఊపేవాడు.

మబ్బు పట్టింది. పడమటి నుంచి గాలి మొదలైంది. ముందు కాగితం గ్లాసులు దొర్లాయి. తర్వాత పందిరి గుడ్డ పొట్ట ఉబ్బింది. చిన్నపిల్లలు కేరింతలు కొట్టారు. నేను పడమటి గుంజ వైపు చూశాను. మేకు కదులుతోంది. కూలీల కోసం చూశాను. ఇద్దరూ అవతల వంటశాల వెనక ఉన్నారు. నేను లేచి రెండడుగులు వేసేసరికి మేకు మట్టితో సహా లేచొచ్చింది. తాడు గాలిలో కొరడాలా తిరిగింది. గుంజ బంతి మీదికి, ముసలమ్మలూ పిల్లలూ కూర్చున్న వరస మీదికి ఒరిగింది.

యల్లమంద పరిగెత్తాడు.

ఆపాలని అరిచాను. నా గొంతు గాలిలో కలిసిపోయింది. అతను ఒక్క ఉరుకులో తాడు అందుకుని, నడుముకు చుట్టుకుని, వెనక్కి వాలి లాగాడు. గుంజ ఆగింది. మెల్లగా నిటారుగా లేచింది. ఆ బరువు మోస్తూనే పక్కనున్న కరెంటు స్తంభానికి తాడు తిప్పి ముడేశాడు. ఇరవై ఏళ్ళు చేసిన పని, చేతులు వాటంతట అవే చేశాయి. ముడి బిగించి, ఒకసారి లాగి చూసుకుని, అక్కడే మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

జనం చప్పట్లు కొట్టబోయారు. అతని మొహం చూసి ఆగిపోయారు. పెదాలు నేరేడు పండు తిన్నట్టు ఉన్నాయి. నోరు తెరుచుకుని ఉంది కానీ గాలి అందడం లేదు.

తిరుపతమ్మ వచ్చి అతన్ని గుండెకు ఆనించుకుంది. "ఏం లేదు, ఏం లేదు. ఎండకి. ఎండ పడదు ఈయనకి" అంటోంది అందరివైపూ చూస్తూ.

నాగేంద్రమ్మ ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే వచ్చి ముందు నిలబడింది. "ఎండేందే? మబ్బు పట్టి ఊరంతా చీకటి కమ్మితే ఎండంటావేందే?"

నాగేంద్రమ్మ తలెత్తి స్టేజీ వైపు చూసింది. సాహితి అప్పటికే దిగి వస్తోంది. పట్టు పరికిణీ కాళ్ళకడ్డం పడుతుంటే రెండు చేతులా ఎత్తిపట్టుకుని వస్తోంది.

"నువ్వు చెప్పవే. మీ నాయనకేంది?"

"రేపు హాస్పిటల్లో చేరాలి అమ్మమ్మా. గుండెలో వాల్వు మార్చాలంట. డబ్బుల్లేవు. అందుకే ఈ ఫంక్షన్."

మైకు ఆగిపోయి ఉంది. ఆ మాట పందిరి ఆ చివరిదాకా వినిపించింది.

నేను గుంటూరు డాక్టరుకు ఫోన్ చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. "రేపటిదాకా ఆగొద్దు, ఇప్పుడే బయల్దేరండి. పడుకోబెట్టకండి, కూర్చోబెట్టే తీసుకురండి" అన్నాడు. అడ్వాన్సు మాట నేనే ఎత్తాను. "తీసుకురండి ముందు. కానీ ఆపరేషన్ చేయాలంటే సగం కట్టాలి, అది నా చేతుల్లో లేదు" అన్నాడు. అబద్ధం చెప్పనందుకు ఆ క్షణంలో కూడా అతని మీద గౌరవం కలిగింది.

నూర్ మొహమ్మద్ అప్పటికే తన వ్యాన్ వెనక తలుపు తీసి స్పీకర్ బాక్సులు కింద పెడుతున్నాడు. "ఇది ఖాళీ చెయ్యనీయండి శెట్టిగారూ, కార్ కోసం చూడమాకండి" అన్నాడు. బాక్సులు బరువైనవి. కొంత సమయం పడుతుంది. చదివించినవాళ్ళు చదివించారు. చదివించాల్సినవాళ్ళు చేతుల్లో కవర్లతో నిలబడిపోయారు.

రాజుపాలెం నుంచి వచ్చిన ఒకాయన, తిరుపతమ్మకు వరసకు చిన్నాన్న, నా బల్లకు నాలుగడుగుల దూరంలో అటు తిరిగాడు. కవరు తెరిచి లోపలి నోట్లలో కొన్ని తీసి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ అంటించబోతూ తలెత్తితే నేను చూస్తున్నాను. ఆయన మొహం వాడిపోయింది. వచ్చి కవరు బల్ల మీద పెట్టాడు. ఆయన పేరు అందరి పేర్లలాగే గారు చేర్చి రాశాను. ఆయనకూ ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. ఆయన వెనక వరసలో మరి కొన్ని చేతులు జేబుల వైపు కదలడం కనబడింది. తిరుపతమ్మ చెప్పిందే జరుగుతోంది.

"ఏమయ్యా శెట్టీ, ఆ మైకు ఇటియ్యి."

నాగేంద్రమ్మ. చెయ్యి కడుక్కుని వచ్చింది. కొంగుకు తుడుచుకుని మైకు పట్టుకుంది. అది ఆగి ఉందని చెప్పేలోపు నూర్ మొహమ్మద్ బాక్సు దించి, పరుగున వచ్చి స్విచ్చి వేశాడు. ఇంకా దించని ఒక స్పీకరులోంచి ఆమె గొంతు గరగరా వచ్చింది.

"వీడు మా ఇంట్లో చదివించింది ఈ కవర్లో ఉంది. వీడిది వీడికిచ్చా. సరిపోయింది. ఇప్పుడు నేను కొత్తగా చదివిస్తన్నా. రాసుకో శెట్టీ." బొడ్లో సంచి తీసి బల్ల మీద పెట్టింది. "మొన్న గేదెనమ్మిన డబ్బు ఇది. ఎందుకిస్తన్నానో అందరూ ఇనండి. మాఘంలో మా యోగేశ్ గాడి పెళ్ళి. ఆ పందిరి వీడే వెయ్యాల. వీడే చొక్కా మార్చుకోనొచ్చి నాకు తిరిగి చదివించాల. వీడి పెళ్ళామొచ్చి ఇస్తే తీసుకోను. కూతురొచ్చి ఇస్తే తీసుకోను. వీడే రావాల."

యోగేశ్ నలుగురిలో ఎర్రబడ్డాడు. "నాయనమ్మా, నాకింకా పిల్లనే చూళ్ళేదు."

"చూస్తాలేరా! మాఘానికి ఇంకా టైముంది. నోరు మూసుకోని ఆ ఫోన్లో ఏముంటే అది కూడా కొట్టు వీళ్ళకి."

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో బిగుసుకున్న పందిరి కాస్త సడలింది. మూడో వరసలోంచి ఒకామె వచ్చింది. "కార్తీకంలో మా మనవరాలి చెవులు కుట్టిస్తన్నాం. యల్లమందన్న రావాలి. రాయండి." ఆమె వెనక మెకానిక్ ఫహీమ్, "మా కొత్తింటికి పందిరి ఈయనదే. ముందే చెబుతున్నా" అన్నాడు. ఇంకొకాయన, ఇంకొకామె. తీసుకున్నదానికి మించి ఇచ్చారు కొందరు. ఇచ్చినవాళ్ళంతా ఏదో ఒక పేరు చెప్పారు, గృహప్రవేశమనో, బారసాలనో, పంచెల ఫంక్షననో. అది దానం కాకుండా ఉండటానికి వాళ్ళకు దొరికిన దారి అది. నేను తలెత్తకుండా రాశాను. అందరూ అలా ఇవ్వలేదు. చెప్పకుండా పక్కనుంచి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను ఎవరూ ఆపలేదు.

వ్యాన్ సిద్ధమైంది. యల్లమందను కూర్చున్న కుర్చీతో సహా ఎత్తాలి. ముందువైపు నూర్ మొహమ్మద్ పట్టుకున్నాడు. వెనకవైపు పట్టుకోవడానికి ఎవరైనా ఉన్నారా అని చూస్తుంటే, రాజుపాలెం చిన్నాన్న వచ్చి వంగాడు. వ్యాన్ ఎక్కించి, తువ్వాలు మడిచి యల్లమంద వీపు వెనక పెట్టి, అతని మెడ సర్ది దిగాడు. నా వైపు చూడలేదు.

తిరుపతమ్మ పక్కన ఎక్కాక తలుపు వేయబోతుంటే యల్లమంద చెయ్యి ఎత్తాడు. ఏదో చెప్పాలనుకుంటున్నాడు. దగ్గరికి వంగాను.

"ఆ మేకు..." అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "వాలిచ్చి కొట్టించండి. ఇంకో బంతి ఉంది."

కొట్టించాను. కొట్టేదాకా నేను అక్కడే నిలబడ్డాను. వండిన అన్నం పారబోయకుండా మూడో బంతి కూడా నడిచింది. సాహితి ఆ పట్టు పరికిణీతోనే పెరుగు వడ్డించింది. ఎవరూ వద్దనలేదు.

కవర్లూ సంచీ తీసుకుని, నా షాపులో ఉన్నది కలిపి, పొద్దుగూకేలోపు బస్సులో గుంటూరు చేరాను. కట్టాల్సింది కట్టాను. మంగళవారమే ఆపరేషన్ చేశారు. ఆ పొద్దంతా తిరుపతమ్మ ఆపరేషన్ గది ముందు నేల మీద కూర్చుని, మెడలోని పసుపు కొమ్మును వేళ్ళతో తిప్పుతూనే ఉంది. వార్డు ఊడ్చడానికి వచ్చిన మనిషి ఆమెను లేవమనకుండా చుట్టూ ఊడ్చి వెళ్ళింది. సాయంత్రం డాక్టరు బయటికొచ్చి ముఖానికున్న గుడ్డ కిందికి లాగి, "వాల్వు పనిచేస్తోంది. రెండు రోజులు జాగ్రత్తగా చూడాలి" అన్నాడు. ఆ రెండు రోజులు గడిచాయి.

నెలాఖరుకు యల్లమందను ఇంటికి తెచ్చాం. కష్టం తీరిందని చెప్పను. రక్తం పలచబడే మాత్రలు బతికినంతకాలం వేసుకోవాలట. నెలనెలా రక్తపరీక్ష. తాడు ఇంకా కుదువలోనే ఉంది. కార్డు అర్జీ నడుస్తూనే ఉంది. ఇక పందిరి బరువులు మోయలేడు కాబట్టి, మోసేవాళ్ళ పక్కన నిలబడి మేకులు చూసుకోవడానికి నేను జీతమిస్తానన్నాను. అవన్నీ గాక, ఊళ్ళో సగం ఇళ్ళ శుభకార్యాలకు ఇప్పుడతను చొక్కా మార్చుకుని వెళ్ళాలి.

ఇంటికి తెచ్చిన రోజు సాయంత్రం ఫ్లాస్కు పట్టుకుని చూడటానికి వెళ్ళాను. మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు. పెదాలు పెదాల రంగులో ఉన్నాయి.

"శెట్టిగారూ, ఇటు రండి. ఇనండి." తన రొమ్ము చూపించాడు.

వంగి చెవి పెట్టాను. లోపల చేతి గడియారంలా టిక్కుటిక్కుమంటోంది. లోహపు వాల్వు మూసుకున్నప్పుడల్లా అలా వినబడుతుందట.

"గడియారం మింగా" అన్నాడు. "మా అత్త ఫోన్ చేసింది. యోగేశ్ గాడికి వినుకొండ సంబంధమంట. పందిరి ఎన్ని గుంజలు పడుద్దని అడుగుతోంది."

"ఏం చెప్పావు?"

"జాగా చూడందే చెప్పలేనన్నా."

మాట్లాడుతూ మాట్లాడుతూనే కళ్ళు మూసుకున్నాడు. సాహితి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని మంచం కోడు దగ్గర నేల మీద కూర్చుని చదువుకుంటోంది. మధ్య మధ్య చదవడం ఆపి వింటోంది. ఆ చప్పుడు వినబడగానే మళ్ళీ పుస్తకంలోకి పోతోంది.

నేను ఫ్లాస్కు అక్కడే వదిలేసి లేచాను. తిరుపతమ్మ గుమ్మందాకా వచ్చింది. "పొద్దున ఒకసారి వచ్చిపోండి" అంది గుసగుసగా. నేను చెప్పులేసుకుని మెట్టు దిగాను. ఆమె తలుపు గొళ్ళెం చప్పుడు కాకుండా వేలు అడ్డం పెట్టి, మెల్లగా మూసుకుంది.